స్టీరింగ్ లేని బండి నడిపినాయన

ఉమామహేశ్వర్ ముప్పై ఆరేళ్లు రైలు నడిపాడు. మొదట గూడ్సు, తర్వాత ప్యాసింజరు, చివర్లో ఎక్స్‌ప్రెస్ బండ్లు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా బల్హార్షా దాకా ఏ సిగ్నల్ ఏ మలుపు తర్వాత కనబడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. రిటైరైన ఏడాదికి నాచారంలో తన ఇంటి ముందు ఒక చిన్న సెకండ్ హ్యాండ్ కారు తెచ్చి నిలబెట్టాడు. కారు నడపడం మాత్రం ఆయనకు రాదు.

ఆ కారు నిజానికి ఆయన భార్య ఛాయాదేవి కోరిక. లోకో పైలట్ భార్యగా ఆమె బతుకంతా ఎదురుచూడటంతోనే గడిచింది. పెళ్లిళ్లకూ, గృహప్రవేశాలకూ ఒక్కతే వెళ్లేది. "మీ ఆయన రాలేదా?" అని అడిగిన వాళ్లందరికీ "డ్యూటీల ఉన్నరు" అని చెప్పీ చెప్పీ విసిగిపోయింది. ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు గానీ ఆమె మోకాళ్లు సహకరించడం లేదు. సిటీ బస్సు మెట్టు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

"ఇన్నేండ్లు ఊరందర్ని తిప్పిన్రు. ఇగ నన్ను తిప్పుండ్రి," అని ఒక రోజు నవ్వుతూ అంది. ఆయన నవ్వలేదు. మరుసటి నెలలో కారు కొన్నాడు.

నాచారం మెయిన్ రోడ్డు మీద జగన్మోహన్ అనే ఆయనది డ్రైవింగ్ స్కూలు. లోపలికి వెళ్లగానే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"లెర్నింగ్ కాంచి లైసెన్సు దాక అంత మాదే సార్. స్లాటు మేమే బుక్ చేస్తం. టెస్టుకు బండి మాదే. ట్రాక్ మీద ఏ కర్ర దగ్గర ఎంత తిప్పాల్నో మావోడు బట్టీ పట్టిస్తడు. మీరు చేతులు ఊపుకుంట వస్తె చాలు. మాతోటి పోయినోళ్లు ఫెయిల్ అయింది లేదు."

"క్లాసులు మీ దగ్గరనే నేర్చుకుంట," అన్నాడు ఉమామహేశ్వర్. "టెస్టు మాత్రం నేనే బుక్ చేసుకుంట."

జగన్మోహన్‌కు అర్థం కాలేదు. "గట్లెవరు చేస్తరు సార్? సొంతంగ పోయినోళ్లు రెండుసార్లు, మూడుసార్లు తిరుగుతరు."

"తిరుగుత. రిటైరైనోనికి వేరే ఏం పని?"

పైకి అలా అన్నాడు గానీ ఆయన పట్టుదలకు కారణం ఉంది. రైల్వేలో పరీక్షలు ఆయనకు కొత్త కాదు. కళ్లకు పరీక్ష, రంగులు గుర్తుపట్టే పరీక్ష, కొత్త లైనులో బండి ఎక్కాలంటే ముందు ఆ లైను నేర్చుకున్నానని సంతకం. తన వెనక పెట్టెల్లో వందలమందిని కూర్చోబెట్టే ముందు తనను నిలదీసేవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారనే ధైర్యం మీదే ఆయన అన్నేళ్లు పని చేశాడు. కారు లైసెన్సు కోసం మెడికల్ సర్టిఫికెట్ కావాలంటే సందు చివరి క్లినిక్‌కు వెళ్లాడు. డాక్టరు గోడ మీది అక్షరాల్లో ఒక కన్నుతో ఒక్క వరుస చదివించి స్టాంపు వేసిచ్చాడు. "ఇంకో కన్ను చూడరా సార్?" అని ఉమామహేశ్వర్ అడిగితే డాక్టరు వింతగా చూశాడు.

కారు నేర్పేందుకు జగన్మోహన్ ఉపేందర్‌ను అప్పగించాడు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. అతని కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. మొదటి వారంలోనే ఉమామహేశ్వర్‌కు గేర్లు అలవాటయ్యాయి. అద్దాలు చూడటంలో, సిగ్నల్ పాటించడంలో ఉపేందర్ తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఎర్ర దీపం కనబడగానే ఆయన రైలింజన్లో అలవాటు కొద్దీ "రెడ్" అని పైకి అనేవాడు. ఉపేందర్ నవ్వుకునేవాడు.

ఒక ఉదయం మల్లాపూర్ రోడ్డు మీద వెళ్తుండగా చెత్తకుప్ప దగ్గర్నుంచి ఒక కుక్క రోడ్డు మీదికి వచ్చింది. ఉమామహేశ్వర్ హారన్ మోగించాడు. ఆపకుండా మోగించాడు. బ్రేకు కూడా తొక్కాడు. కానీ కారు గీత గీసినట్టు నేరుగా కుక్క మీదికే వెళ్లింది. ఉపేందర్ పక్కనుంచి చెయ్యి చాపి స్టీరింగ్ లాగాడు. కుక్క తోక ముడుచుకుని తప్పించుకుంది.

ఉపేందర్ బండి పక్కకు ఆపించాడు. "స్టీరింగ్ తిప్పలేదేంది సార్? కుడి దిక్కు అంత ఖాళీనే ఉండె."

"బ్రేక్ వేసిన గద."

"బ్రేక్ వేసిన్రు. నేను బ్రేక్ సంగతి అంటలేను. చెయ్యి సంగతి అంటున్న. మీ చేతులు రాడ్ల లెక్క బిగుసుకపోయినయి. ఇంకో పది క్లాసులు చేయుండ్రి సార్. టెస్టుకు తొందర పడకుండ్రి."

ఉమామహేశ్వర్‌కు ముఖం ఎర్రబడింది. "నూటపది స్పీడ్ల లోకో ఇంజన్ నడిపినోన్ని నేను. నాకు నువ్వు చెప్తవా?"

ఉపేందర్ బండి ఇంటి వైపు తిప్పమన్నాడు. ఆ మరునాటి నుంచి ఉమామహేశ్వర్ క్లాసులకు వెళ్లడం మానేశాడు.

కూతురు సిరి పీర్జాదిగూడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. ఆమెకు కారు నడపడం వచ్చు. ఆదివారాలు వచ్చి తండ్రి పక్కన కూర్చునేది. సెలవు రోజు కనుక ఫ్యాక్టరీల మధ్య రోడ్లు ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీ రోడ్ల మీద ఆయన చక్కగా నడిపేవాడు. సిరే తన ఫోన్లో ఆయన స్లాటు బుక్ చేసింది.

"స్కూలోనికి అప్పజెప్తె అయిపోతుండె గద నాన్నా. ఈ బండి నేను తీసుకరావాలె, ఆఫీసుకు లీవు పెట్టాలె," అని గొణిగింది.

"నన్ను ఎవరన్న నిలదీసి అడగాలె బిడ్డా," అన్నాడు. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. అడగడానికి తీరిక కూడా లేదు, ఫోన్లో తారీఖులు అయిపోతున్నాయి.

మొదటిసారి ఫెయిలయ్యాడు. వెనక్కి తీసుకుని రావలసిన చోట ఒక కర్రకు బంపర్ తగిలింది. బయటికి వస్తుంటే తన విద్యార్థులతో వచ్చిన జగన్మోహన్ ఎదురుపడి "చెప్పిన గద సార్" అన్నట్టు తల ఊపాడు. ఉమామహేశ్వర్ ఆ పూటే మళ్లీ బుక్ చేయించాడు. రెండోసారి ఒక్క కర్ర కూడా కదల్లేదు. ఎత్తు మీద ఆపి, జారకుండా మళ్లీ కదిలించాడు. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ఏదో రాసి "అయిపోయింది, పోవచ్చు" అన్నాడు.

ఉమామహేశ్వర్ సీటులోంచి దిగలేదు. "గింతేనా సార్?"

"ఇంకేం కావాలె? పాసైన్రు. కార్డు పోస్టుల వస్తది."

సిరి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని ఊపింది. ఆయన నవ్వాడు గానీ మనసు కుదుటపడలేదు. ట్రాక్ మీద గీతలు ఉన్నాయి, కర్రలు ఉన్నాయి. ఎదురుగా ఒక్క మనిషి కూడా రాలేదు. కుక్క కనబడిన రోజు నుంచి తనలో తను భయపడుతున్నది దేనికో, దాని గురించి ఎవరూ అడగలేదు. ఎవరైనా కనిపెట్టి "నువ్వు పనికిరావు" అంటారేమోనని భయపడ్డాడు. అనలేదని ఇప్పుడు ఇంకా భయపడ్డాడు.

కార్డు వచ్చింది. ఛాయాదేవి కారుకు పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆయన మాత్రం బయటికి తీయలేదు. ఒక రోజు బ్యాటరీ బాగాలేదన్నాడు. ఇంకో రోజు వాన వచ్చేటట్టుంది అన్నాడు. చివరికి ఆయనతో పనిచేసిన ఒకాయన మల్లాపూర్‌లో ఇల్లు కట్టుకుని సత్యనారాయణ వ్రతానికి పిలిచాడు. ఛాయాదేవి పట్టుచీర కట్టుకుని, ఆయనను అడగకుండానే వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. ఇక తప్పలేదు.

పోయేటప్పుడు బాగానే పోయారు. భోజనాలు చేసి, తాంబూలం తీసుకుని తిరిగి వస్తుండగా ఒక ఫ్యాక్టరీ గేటు ముందు షిఫ్టు వదిలారు. రోడ్డు పక్కన రెండు లారీలు నిలబెట్టి ఉన్నాయి. వాటి మధ్యలోంచి ఒక అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. కారును చూసి, ముందుకు పోవాలో వెనక్కి పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

ఉమామహేశ్వర్ చెయ్యి హారన్ మీదికి పోయింది, కాలు బ్రేకు మీదికి పోయింది. అక్కడితో ఆయన శరీరం పని అయిపోయింది. ఎదురుగా వస్తున్న బండి ఒక్కటీ లేదు. కుడివైపు రోడ్డంతా ఖాళీ. ఆయన ఆ ఖాళీని చూశాడు కూడా. చేతులు మాత్రం కదల్లేదు.

కారు చాలావరకు వేగం తగ్గి ఆమెను తాకింది. ఆమె చెయ్యి కింద పెట్టి పడిపోయింది. డబ్బా దొర్లుకుంటూ లారీ కిందికి పోయింది.

జనం మూగారు. ఛాయాదేవి మోకాళ్ల సంగతి మరిచిపోయి దిగి ఆ అమ్మాయిని లేపి కూర్చోబెట్టింది. పేరు చాందిని. ఆ ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ పని చేస్తుంది. కుడి మణికట్టు అప్పటికే వాచింది. ఆమె ఏడుస్తూనే ఉమామహేశ్వర్ వైపు చూసి అడిగింది.

"రోడ్డంత ఖాళీగున్నది గద అంకుల్! జర పక్కకు తిప్పుకోరాదా? సక్కగ నా మీదికే వస్తివి!"

గుంపులో ఒకడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. "లైసెన్సు ఉన్నదా పెద్దమనిషీ?"

ఆయన జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. అది చేతులు మారింది. "ఉన్నది, ఉన్నది," అని ఎవరో అన్నారు. చొక్కా వదిలేశారు. "పోనీలే, సడెన్‌గ వచ్చింది, ఆయనేం చేస్తడు," అని ఇంకొకరు సర్ది చెప్పారు. అందరూ చల్లబడ్డారు. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

కారు అక్కడే వదిలేసి ఆటోలో ఆమెను దవాఖానాకు తీసుకెళ్లారు. ఎముక చిట్లింది, పట్టీ వేశారు. "పోలీస్ స్టేషన్‌ల రాసియ్యి బిడ్డా, నేను నీ వెంబడి వస్త," అని ఉమామహేశ్వర్ రెండుసార్లు అన్నాడు. చాందిని ఒప్పుకోలేదు. "ఆళ్ల చుట్టు ఎవరు తిరగాలె అంకుల్. నాకు పని పోకుండ జూడు, చాలు," అంది. ఆయన వెళ్లి సూపర్‌వైజర్‌తో మాట్లాడి వచ్చాడు. పట్టీ విప్పేదాకా వారం వారం భార్యాభర్తలు ఆమె గదికి పండ్లు తీసుకుని వెళ్లారు. ఆమె వాళ్లను కూర్చోమని టీ పెట్టించేది. ఆ మర్యాద ఆయనకు ఇంకా కష్టంగా ఉండేది.

సిరి కారు తెచ్చి ఇంటి ముందు పెట్టింది. దాని మీద కవర్ కప్పారు. ఉమామహేశ్వర్ అన్నం దగ్గర మాట్లాడటం తగ్గించాడు. పేపరు చేతిలో పట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం వరండాలో ఛాయాదేవి చిక్కుడుకాయలు తుంపుతూ అడిగింది. "ఆ పిల్లకు నయమైంది గద. ఇంకెందుకు గిట్ల కూసుంటున్నరు?"

"చేతులు తిరగలే ఛాయా," అన్నాడు.

"కొత్త గద, బుగులైతది, భయమైతది."

"బుగులు గాదు." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "రైలుకు స్టీరింగ్ ఉండది. పట్టాల మీద మనిషి కనబడితె రెండే పనులు. హారన్ కొట్టాలె, బ్రేక్ వేయాలె. ఇంక నీ చేతుల ఏం ఉండది. బండి ఆగేసరికి కిలోమీటర్ అయితది. అప్పటిదాంక కూసోని సూసుడే."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎంతమంది?" అని అడిగింది.

ఆయన చెప్పలేదు. ఆలేరు దాటాక ఒకామె గురించి మాత్రం చెప్పాడు. పొద్దుటి పూట. ఆమె పట్టాల మధ్య నిలబడి, బండి వైపే తిరిగి, జారిన కొంగు సర్దుకుంది. ఎక్కడికో పోబోయే మనిషిలా సర్దుకుంది. హారన్ మోగుతూనే ఉంది. తర్వాత వచ్చిన స్టేషన్‌లో దిగి, ఏ కిలోమీటరు రాయి దగ్గర జరిగిందో స్టేషన్ మాస్టరుకు చెప్పి, మళ్లీ ఎక్కి బండి నడుపుకుంటూ వచ్చాడు. వెనక పెట్టెల్లో వాళ్లకు ఏమీ తెలియదు. బండి లేటైందని విసుక్కున్నారు.

"మొన్న ఆ పిల్ల ఎదురుంగ నిలబడ్డప్పుడు నేను కార్ల లేను," అన్నాడు. "లోకోల ఉన్న."

ఛాయాదేవి ఆయన చెయ్యి పట్టుకుంటుందని, ఓదారుస్తుందని ఆయన అనుకున్నాడేమో. ఆమె చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది.

"కొన్ని దినాలు ఇంటికొచ్చి స్నానం జేసి, నాతోటి మాట్లాడకుండ గోడ దిక్కు తిరిగి పండుకునేది మీరు. గందుకేనా? నేనేమనుకున్ననో తెలుసా? నా తోటి విసుగొచ్చింది అనుకున్న. ఒకసారి పప్పన్నం ముట్టకుండ లేసిపోయిన్రు. ఉప్పెక్కువైందేమో అని నేను గిన్నె ముందట కూసోని ఏడ్సిన. ఒక్క మాట చెప్తె ఏమైతుండె? ఇన్నేండ్లు నన్ను బయటనే నిలబెట్టిన్రు."

"నువ్వు బుగులు పడుతవని..."

"బుగులు పడితె పడుదు!"

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం, మరునాడు కూడా ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "ఆ స్కూలుకే పోయి అడుగుండ్రి. ఆ నేర్పినాయననే. మీ చేతుల సంగతి మొదలు పట్టుకున్నది ఆయనే గద," అంది.

జగన్మోహన్ ఆయనను చూసి ఆశ్చర్యపోయాడు. "లైసెన్సు చేతికొచ్చినంక క్లాసులేంది సార్? అందరు లైసెన్సు కోసం మా దగ్గరికి వస్తరు. మీరు అది తీసుకొని వస్తిరి!"

"పక్కకు తిప్పుడు రాలే నాకు," అన్నాడు ఉమామహేశ్వర్.

జగన్మోహన్ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగాడు. లోపలి నుంచి ఉపేందర్‌ను పిలిచాడు. ఆ రోజు కసురుకున్నందుకు ఏమనుకోవద్దని ఉమామహేశ్వర్ చెప్పబోతే ఉపేందర్ మధ్యలోనే "పోదాం పాండ్రి సార్" అని తాళాలు తీసుకున్నాడు. దారిలో ఉమామహేశ్వర్ అతనికి రైలు సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఉపేందర్ అంతా విని, "దీన్ని ఎట్ల మాన్పాల్నో నాకు తెల్వది సార్. కానీ చేతులకు అలవాటు చేద్దాం. తలకాయ సంగతి తర్వాత," అన్నాడు.

ఆదివారాలు ఫ్యాక్టరీల మధ్య మూసిన షట్టర్ల రోడ్డు ఒకటి ఎంచుకున్నారు. ఖాళీ అట్టపెట్టెలు పోగుచేశారు. పెట్టెలు నెట్టే పని ఛాయాదేవి తీసుకుంది. ఒక షట్టర్ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, కారు దగ్గరికి రాగానే ఒక పెట్టెను కర్రతో రోడ్డు మీదికి నెట్టేది. ఉపేందర్ పక్క సీట్లోంచి "చెయ్యి! చెయ్యి!" అని అరిచేవాడు. మొదటి ఆదివారం ఒక్క పెట్టె కూడా బతకలేదు. ఆయన హారన్ మోగించి, బ్రేకు తొక్కి, నేరుగా వెళ్లి అన్నిటినీ తొక్కేశాడు. ఒక్కొక్కటి నలిగిన చప్పుడుకు కళ్లు మూసుకునేవాడు. "కండ్లు తెరువుండ్రి సార్, అది అట్టపెట్టెనే," అనేవాడు ఉపేందర్.

ఒకసారి మధ్యలోనే దిగి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. ఇక చాలని అన్నాడు. ఛాయాదేవి నీళ్లు ఇచ్చి, ఇంకో పెట్టె తీసి పక్కన పెట్టుకుంది.

వారాలు గడిచాక ఒక ఆదివారం పెట్టె దొర్లింది, కారు దాని పక్క నుంచి పోయింది. కొంచెం దూరం పోయాక ఆగింది. ఉపేందర్ మళ్లీ చేయించాడు. ఆ రోజు ఎక్కువసార్లు తిరిగింది, కొన్నిసార్లు తిరగలేదు. ఆ తర్వాత కూడా అంతే. తిరగనివి తగ్గుతూ వచ్చాయి గానీ పూర్తిగా పోలేదు.

చలికాలం మొదట్లో, ఉపేందర్ సరేనన్నాకనే, ఛాయాదేవి చెల్లెలింటికి అన్నోజిగూడ బయలుదేరారు. ఉప్పల్ దాటారు. పీర్జాదిగూడ దగ్గర ఆగిన బస్సు ముందు నుంచి ఒక మనిషి భుజాన సంచితో హడావుడిగా రోడ్డు దాటబోయాడు. ఉమామహేశ్వర్ చేతులు తిరిగాయి. హారన్ మోగించాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు. కారు అతని పక్క నుంచి వెళ్లిపోయింది. ఆ మనిషి వెనక్కి తిరిగి కూడా చూడకుండా తన దారిన పోయాడు.

కొంత దూరం వెళ్లి ఉమామహేశ్వర్ కారు ఎడమ పక్కకు తీసి ఆపాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"మంచిగనే తిప్పిన్రు గద," అంది ఛాయాదేవి.

"గింత అల్కగనా ఛాయా, గింత సులువా," అన్నాడు. "గింత తిప్పితె మనిషి బతుకుతడు. గింతనే."

హైవే మీద లారీలు పక్క నుంచి పోతుంటే కారు కొద్దిగా ఊగుతోంది. ఆయన తేరుకునేదాకా అలాగే కూర్చున్నారు. అన్నోజిగూడ చేరేసరికి పెట్టిన వంటలు చల్లారిపోయాయి. ఎందుకింత ఆలస్యమని చెల్లెలు అడిగితే ఛాయాదేవి "నడుమ ఆగినం" అంది.

ఉమామహేశ్వర్ ఇప్పుడూ కారు నడుపుతాడు. జనం తక్కువగా ఉండే వేళ చూసుకుని, భార్య పక్కన ఉంటేనే. కొన్ని రోజులు తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్లీ మేకుకే తగిలించి "ఇయ్యాల వద్దు" అంటాడు. ఎందుకని ఆమె అడగదు. చీర మార్చుకుని వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆయన చెప్పాలనుకున్న రోజు తన బండి కింద పడిన ఇంకొకరి గురించి చెప్తాడు, ఏ స్టేషన్ దగ్గరో, ఏ పూటో. చెప్పవలసిన వాళ్లు ఇంకా ఉన్నారు.